లవం, హారం, సరిహద్దు: ప్రాంతీయ ఇంధన స్వావలంబనను కొలిచే పద్ధతులపై ఒక పరిశీలన

హవాయి దీవుల్లో 95 శాతం జనాభాకు కరెంటు ఇచ్చే హవాయన్ ఎలక్ట్రిక్ సంస్థ 2021 సంవత్సరానికి తన పునరుత్పాదక విద్యుత్ వాటా 38 శాతమని ప్రకటించింది. 2022కు వచ్చేసరికి అది దాదాపు 32 శాతమైంది. ఈ తగ్గుదలకు ప్రధాన కారణం ఎండ తగ్గడం కాదు, గాలి తగ్గడమూ కాదు. ఆ ఏడాది రాష్ట్ర చట్టసభ లెక్క కట్టే సూత్రాన్ని మార్చింది. స్వచ్ఛ ఇంధన లక్ష్యాల వైపు ఒక ప్రాంతం ఎంత దూరం వచ్చిందో చెప్పే అంకెలు ఎంతవరకు ఆ ప్రాంతం గురించి చెబుతాయి, ఎంతవరకు సూత్రం గురించి చెబుతాయి అన్నది ఈ వ్యాసంలో పరిశీలించిన విషయం. హవాయిని ఎంచుకోవడానికి కారణం ఉంది. సముద్రం మధ్యలో ఆరు విడివిడి గ్రిడ్లు. ఒక దీవి నుంచి మరో దీవికి లైను లేదు, పక్క రాష్ట్రం నుంచి కొనే వీలూ లేదు. కాబట్టి లెక్కలో తేడా ఉంటే ఎక్కడుందో స్పష్టంగా కనబడుతుంది.

హవాయి పునరుత్పాదక విద్యుత్ లక్ష్యం చరిత్ర ఇలా సాగింది. 2001లో ఆశయంగా మొదలై 2004లో తప్పనిసరి బాధ్యతగా మారింది. 2008 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం, అమెరికా ఇంధన శాఖ కలిసి హవాయి క్లీన్ ఎనర్జీ ఇనీషియేటివ్ ఒప్పందం చేసుకున్నాయి. 2015 జూన్‌లో గవర్నర్ డేవిడ్ ఇగే సంతకంతో 2045 నాటికి నూటికి నూరు శాతం అన్న చట్టం వచ్చింది. అమెరికాలో అలాంటి చట్టం చేసిన మొదటి రాష్ట్రం ఇదే. మధ్యలో 2020కి 30, 2030కి 40, 2040కి 70 శాతం మజిలీలు. తప్పితే మెగావాట్-అవర్‌కు 20 డాలర్ల జరిమానా, అంటే యూనిట్‌కు రెండు సెంట్లు. వినియోగదారుడు యూనిట్‌కు 30 సెంట్లకు పైగా చెల్లించే చోట ఈ జరిమానా ఎవరిని భయపెడుతుందో ఊహించుకోవచ్చు. సంస్థల మీద అసలు ఒత్తిడి ఏటా వెలువడే శాతం నుంచే వస్తుంది. అందుకే ఆ శాతం ఎలా తయారవుతుందో చూడాలి.

మొదట్లో లవంలో పునరుత్పాదక ఉత్పత్తితో పాటు ఆదా చేసిన విద్యుత్తు కూడా ఉండేది. సోలార్ వాటర్ హీటర్ వల్ల ఖర్చు కాని యూనిట్ కూడా పవన విద్యుత్ యూనిట్‌తో సమానమే. 2014 చివరితో ఆ వెసులుబాటు ముగిసింది. హారం మాత్రం అలాగే ఉండిపోయింది. అది ఉత్పత్తి కాదు, అమ్మకం. ఇళ్ల కప్పుల మీది సోలార్ పలకలు అరుదుగా ఉన్న కాలంలో దీనివల్ల పెద్ద తేడా రాలేదు. తర్వాత హవాయిలో ఇంటి మీద సోలార్ ఉప్పెనలా పెరిగింది. 2015 అక్టోబరులో పాత నెట్ మీటరింగ్ పథకాన్ని కొత్తవారికి ఆపేయాల్సినంతగా పెరిగింది. కప్పు మీద పుట్టి అదే ఇంట్లో ఖర్చయిన యూనిట్ లవంలో చేరేది. సంస్థ దాన్ని అమ్మలేదు కాబట్టి హారంలో చేరేది కాదు.

ఊహాత్మకమైన దీవిని ఒకదాన్ని తీసుకుందాం. మొత్తం ఉత్పత్తి 100 యూనిట్లు. అందులో ఇళ్ల కప్పుల నుంచి 30, ఆ ఇళ్లలోనే ఖర్చయ్యాయి. పెద్ద సౌర, పవన కేంద్రాల నుంచి 40. చమురు కాల్చి తీసినవి 30. నష్టాలు లేవనుకుంటే సంస్థ అమ్మింది 70. పాత సూత్రం ప్రకారం పునరుత్పాదక వాటా 70లో 70, అంటే నూరు శాతం. చమురు కేంద్రం పొగగొట్టం మాత్రం పని చేస్తూనే ఉంది. 2045లో లక్ష్యం చేరామని చట్టబద్ధంగా ప్రకటించుకుని, ఆ మర్నాడు చమురు ఓడను దింపుకునే అవకాశం పాత చట్టంలోనే ఉండేదన్నమాట. 2022 సవరణ అమ్మకం స్థానంలో నికర ఉత్పత్తిని హారంగా పెట్టింది. తనకు అనుకూలంగా ఉన్న అంకెను తానే తగ్గించుకున్న చట్టసభలు తక్కువ.

సూత్రం సరైనదైనా ఒక్క శాతం మోయలేని విషయాలున్నాయి. మొదటిది ప్రకృతి. 2018 మేలో కిలవేయా అగ్నిపర్వతం బద్దలై పూనా భూతాప కేంద్రం మూతపడింది. పెద్ద దీవికి కావలసిన విద్యుత్తులో సుమారు మూడో వంతు దాకా అక్కడి నుంచే వచ్చేది. మళ్లీ ఉత్పత్తి మొదలయ్యేసరికి 2020 నవంబరు వచ్చింది. ఏ విధానమూ మారకుండానే ప్రగతి అంకె వెనక్కి నడిచిందన్నమాట. మనకు ఇది కృష్ణా నది రూపంలో తెలుసు. 2023లోలా వానలు ముఖం చాటేస్తే శ్రీశైలం, సాగర్ టర్బైన్లు ఖాళీగా ఉంటాయి. నిండు వరద వచ్చిన ఏడాది అవే రాష్ట్రాన్ని ‘స్వచ్ఛం’గా చూపిస్తాయి. జలవిద్యుత్తు ఉన్న ఏ ప్రాంతానికైనా ఒక ఏడాది శాతాన్ని పట్టుకుని ప్రగతి గురించి తీర్పు చెప్పడం సరికాదు. అయిదేళ్ల సగటు కనీసం కావాలి.

రెండోది నిల్వ. ఓహూ దీవిలో 180 మెగావాట్ల బొగ్గు కేంద్రం 2022 సెప్టెంబరు 1న ఆగిపోయింది. హవాయిలో బొగ్గు విద్యుత్తుకు అదే ముగింపు. దాని లోటు పూడ్చడానికి అనుకున్న కొత్త ప్రాజెక్టులు ఆలస్యమయ్యాయి, ఆ మధ్యకాలంలో చమురు వాడకం పెరిగింది. బొగ్గు పోయి చమురు వచ్చినా పునరుత్పాదక శాతానికి ఆ తేడా తెలియదు. 2023 చివర్లో కపోలేలో 185 మెగావాట్ల, 565 మెగావాట్-అవర్ల బ్యాటరీ కేంద్రం పనిలోకి వచ్చింది. అది సొంతంగా ఒక్క యూనిట్ కూడా పుట్టించదు కాబట్టి లవంలో దానికి చోటు లేదు. అయితే అలాంటివి లేకపోతే మధ్యాహ్నపు సౌర విద్యుత్తును వదిలేసి సాయంత్రం చమురు కాల్చాలి. చిన్న దీవి కవాయి ఈ విషయాన్ని ముందే గ్రహించింది. అక్కడ విద్యుత్ సంస్థ వినియోగదారుల సహకార సంఘం. 2010 దశాబ్దం మొదట్లో పదో వంతు దరిదాపుల్లో ఉన్న పునరుత్పాదక వాటాను, సోలార్‌కు బ్యాటరీ జతచేస్తూ, 2019కి సగం దాటించింది. ఆ ఏడాది నవంబరులో పగటిపూట వరసగా కొన్ని గంటలు పూర్తిగా పునరుత్పాదక విద్యుత్తుతోనే దీవిని నడిపింది. ఏడాది శాతం కన్నా ఆ కొన్ని గంటలే ఎక్కువ చెబుతాయని నా అభిప్రాయం. గ్రిడ్ నిలబడిందా లేదా అన్నది తేలేది అక్కడే.

మూడోది అసలు స్వావలంబన. 2022 మార్చిలో, ఉక్రెయిన్ యుద్ధం మొదలైన వెంటనే, హవాయిలో మిగిలిన ఏకైక రిఫైనరీ రష్యా ముడిచమురు కొనడం ఆపేసింది. దీవుల్లో కరెంటు బిల్లులు ముడిచమురు ధర వెంటే పెరిగాయి. హవాయిలో చమురు ఎక్కువగా ఖర్చయ్యేది రవాణాలో, అందులో విమాన ఇంధనం సింహభాగం. విద్యుత్ చట్టం వీటిని తాకదు. 2045లో విద్యుత్తు నూరు శాతం స్వచ్ఛమైనా విమానాశ్రయానికి చమురు ఓడలు వస్తూనే ఉండవచ్చు. డెన్మార్క్‌లోని సామ్సో దీవి ఈ చిక్కును మరో దారిలో దాటింది. 1997లో జాతీయ పోటీలో పునరుత్పాదక ఇంధన దీవిగా ఎంపికై, నేల మీద 11, సముద్రంలో 10 గాలిమరలు నిలబెట్టింది. పడవలు, ట్రాక్టర్లు తాగే చమురుకు సరిపడా విద్యుత్తును కేబుల్ ద్వారా ప్రధాన భూభాగానికి పంపి, ఏడాది చివర రెండింటినీ చెల్లువేసి చూపింది. అది నికర లెక్క, చమురు లేని దీవి కాదు. కేబుల్ ఉన్న చోట ‘స్వావలంబన’ అనే అంకె ఎప్పుడూ ఇలాంటి చెల్లువేతే.

తెలుగు రాష్ట్రాలకు కేబుల్ ఒకటి కాదు, దేశమంతా ఉంది. అందువల్ల హవాయి ప్రశ్నలు ఇక్కడ మరో రూపం తీసుకుంటాయి.

భారతదేశం అంతర్జాతీయ వేదిక మీద చేసిన వాగ్దానం విద్యుత్ ఉత్పత్తి గురించి కాదు, స్థాపిత సామర్థ్యం గురించి. 2030కి 50 శాతం సామర్థ్యం శిలాజేతరం కావాలని 2022లో ప్రకటించింది. 2025 జూన్‌కే ఆ గీత దాటింది: మొత్తం 484.8 గిగావాట్లలో 242.8. అదే సమయంలో వాస్తవ ఉత్పత్తిలో శిలాజేతర వాటా దాదాపు పావు వంతు. ఈ రెండూ నిజమే. వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 25 శాతం వినియోగ నిష్పత్తితో నడిస్తే ఏడాదికి సుమారు 219 కోట్ల యూనిట్లు ఇస్తుంది. అంతే సామర్థ్యమున్న బొగ్గు కేంద్రం 70 శాతంతో నడిస్తే 613 కోట్లు. ఉమ్మడి కర్నూలు జిల్లా గని, శకునాల వద్ద 2017లో మొదలైన వెయ్యి మెగావాట్ల పార్కు గురించి చెప్పుకునేటప్పుడు ఈ రెండు అంకెలూ పక్కపక్కనే ఉండాలి. వర్గీకరణ కూడా అంకెలను కదిలిస్తుంది. 2022కు పెట్టుకున్న 175 గిగావాట్ల పునరుత్పాదక లక్ష్యం ఆ ఏడాది చివరికి సుమారు 121 వద్ద ఆగింది. పెద్ద జలవిద్యుత్తును కలుపుకుంటే 168 దాకా వస్తుంది. అలా కలుపుకునే వీలు 2019 మార్చిలో కేంద్రం ఇచ్చింది. ఒక్క బస్తా సిమెంటు పోయకుండానే శ్రీశైలం పునరుత్పాదక పట్టికలోకి ఎక్కింది.

రాష్ట్ర స్థాయిలో ఇంతకన్నా జటిలమైనది సరిహద్దు. 2021 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ ఉచిత విద్యుత్తు కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ సెకీతో 7,000 మెగావాట్ల సౌర విద్యుత్తుకు యూనిట్ 2.49 రూపాయల ధరతో ఒప్పందం చేసుకుంది. ఆ ఫలకాలు ఉండేది రాష్ట్రం బయట. మరోవైపు రాయలసీమ ఎండను, గాలిని, పిన్నాపురం వంటి పంప్డ్ స్టోరేజీని వాడుకునే ప్రాజెక్టులు దేశవ్యాప్త కొనుగోలుదారుల కోసం కడుతున్నారు. ఇక ఆంధ్రప్రదేశ్ స్వచ్ఛ వాటా ఎంత? తన నేల మీద పుట్టినదా, తన డిస్కంలు (పంపిణీ సంస్థలు) కొన్నదా? పునరుత్పాదక కొనుగోలు బాధ్యత కింద రెండోదే లెక్క. 2024-25కు 29.91 శాతంతో మొదలై 2029-30కి 43.33కు చేరాలని కేంద్రం నిర్దేశించింది. కొరత ఉంటే పునరుత్పాదక ఇంధన సర్టిఫికెట్ కొని పూడ్చుకోవచ్చు, ఆ మార్కెట్ 2011 నుంచీ ఉంది. బాధ్యత తీరుతుంది, ఆధారపడటం తీరదు.

తెలంగాణలో స్వచ్ఛత, స్వావలంబన అన్న లక్ష్యాలు రెండూ ఒకదానికొకటి ఎదురు నడుస్తాయి. నా దృష్టిలో ఈ అధ్యయనంలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇదే. హవాయిలో బొగ్గు గనీ లేదు, చమురు బావీ లేదు. అక్కడ స్వచ్ఛత వైపు వేసిన ప్రతి అడుగూ స్వావలంబన వైపు కూడా పడుతుంది. తెలంగాణకు సింగరేణి ఉంది. విభజన తర్వాత కరెంటు కొరత నుంచి బయటపడిన క్రమంలో మణుగూరు దగ్గర భద్రాద్రి, దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి, సింగరేణి సొంత కేంద్రం, ఇవన్నీ బొగ్గువే. మన బొగ్గు, మన కేంద్రం, మన కరెంటు అన్న కొలతలో అది స్వావలంబనే. స్వచ్ఛత కొలతలో వెనకడుగు. ‘ఇంధన స్వావలంబన, స్వచ్ఛ ఇంధనం’ అని ఒకే ఊపిరిలో పలికే విధాన పత్రాలు ఈ వైరుధ్యాన్ని కప్పేస్తాయి. రెంటికీ వేర్వేరు పట్టికలు ఉండాలి.

హారం సమస్య మన దగ్గర హవాయి కన్నా లోతైనది. అక్కడ అమ్మకం మీటర్లో కనబడుతుంది. తెలుగు రాష్ట్రాల్లో లక్షల వ్యవసాయ పంపుసెట్లు మీటరు లేకుండా నడిచాయి. తెలంగాణలోనే అవి 25 లక్షల పైచిలుకు. వాటి వాడకాన్ని కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల నమూనా రీడింగుల నుంచి అంచనా వేస్తారు. అంచనా పెరిగితే పంపిణీ నష్టం తగ్గినట్టు, తగ్గితే నష్టం పెరిగినట్టు కనబడుతుంది. అలాంటి అమ్మకాన్ని హారంగా పెట్టుకుంటే శాతం ఎంతని చెప్పినా సందేహం వీడదు. డిస్కంలోకి విద్యుత్తు ప్రవేశించే సరిహద్దు మీటర్ల రీడింగు హారం కావాలి. అక్కడ అంచనాలకు తావు లేదు.

గంటల లెక్కకు కూడా కొత్త యంత్రాంగం అక్కర్లేదు. దేశంలో విద్యుత్ షెడ్యూలింగ్ 15 నిమిషాల బ్లాకుల్లో, రోజుకు 96 బ్లాకులుగా జరుగుతోంది. ఏ బ్లాకులో సోలార్ ఎంత, థర్మల్ ఎంత, ఎంత సోలార్‌ను బ్యాక్‌డౌన్ చేశారు, శ్రీశైలం ఎడమగట్టు, సాగర్ రివర్సిబుల్ టర్బైన్లు ఎప్పుడు నీళ్లు పైకి తోడాయి, ఎప్పుడు కిందికి వదిలాయి అన్నది లోడ్ డిస్పాచ్ కేంద్రాల దగ్గర ఉన్న సమాచారమే. మధ్యాహ్నం పంపుసెట్లకు సోలార్ ఇచ్చి రాత్రి ఏడింటికి బొగ్గు మీద ఆధారపడే రాష్ట్రాన్ని, సాయంత్రపు బ్లాకుల్లో కూడా బొగ్గు తగ్గించుకోగలిగిన రాష్ట్రాన్ని ఏడాది శాతం ఒకే గాటన కడుతుంది. బ్లాకుల లెక్క విడదీస్తుంది.

డిస్కంలు ఏటా నవంబరు చివరికి వార్షిక ఆదాయ అవసరాల నివేదికలను నియంత్రణ మండలి ముందు పెట్టాలి. వాటి మీద బహిరంగ విచారణ జరుగుతుంది, రైతు సంఘాలు, వినియోగదారులు అభ్యంతరాలు దాఖలు చేస్తారు. ఆ నివేదికలోనే సామర్థ్యం, ఉత్పత్తి, సరిహద్దు మీటర్ల హారం మీద వాటా, రాష్ట్రంలో పుట్టినది, బయట కొన్నది, సర్టిఫికెట్లతో పూడ్చినది, సాయంత్రపు బ్లాకుల వాటా అన్న వరసలతో ఒక పేజీ జతచేయమని మండళ్లు ఆదేశించవచ్చు. సమాచారం ఇప్పటికే లోడ్ డిస్పాచ్ కేంద్రాల దగ్గర, డిస్కంల దగ్గర ఉంది కనుక దానికి కొత్త చట్టమేదీ అవసరం లేదు.