మౌలా అలీ గుట్ట, కింది బస్తీలు

ఉప్పల్ నుంచి నాచారం, మల్లాపూర్ మీదుగా ఉత్తరానికి వెళ్తే మౌలా అలీ గుట్ట ఎదురవుతుంది. దాని మీది దర్గా ఇబ్రహీం కుతుబ్‌షా కాలంనాటిదని చెబుతారు. ఆసఫ్‌జాహీల రోజుల్లో రజబు నెల ఉర్సుకు పట్నం సగం ఇక్కడికే కదిలేది. గుట్ట చుట్టూ ఉమరావుల తోటలూ విడుదులూ ఉండేవి. ఉర్దూ కవయిత్రి మహ్ లఖా బాయి చందా తల్లి కోసం ఇక్కడ సమాధి కట్టించింది. 1824లో ఆమెనూ ఆ ప్రాంగణంలోనే ఖననం చేశారు.

ఈ ప్రాంతానికి తర్వాత ఫ్యాక్టరీలు వచ్చాయి. ఉప్పల్, నాచారం, మౌలా అలీ పారిశ్రామిక వాడలకు పల్లెల నుంచి కూలీలు దిగారు. హౌసింగ్ బోర్డు ఇళ్ళు వచ్చినా, రోజుకూలీకి వాయిదాలు కట్టే స్తోమత ఎక్కడిది? పని దొరికిన చోటి పక్కనే గుడిసెలు లేచాయి.

బస్తీలను బాగుచేసే పని హైదరాబాద్‌కు కొత్త కాదు. 1908 మూసీ వరద తర్వాత, 1912లోనే నగరాభివృద్ధి సంస్థ పుట్టింది. 1956లో మురికివాడల మెరుగుదలకు భూసేకరణ చట్టం చేశారు. 1967లో మున్సిపల్ కార్పొరేషన్ పట్టణ సామాజికాభివృద్ధి పథకం మొదలుపెట్టి, బస్తీ కమిటీలను కూర్చోబెట్టి మాట్లాడించింది. నా లెక్కలో వీటన్నిటిలోకీ మేలైనది అదే. 1980ల్లో బ్రిటన్ సాయంతో రోడ్లు, కుళాయిలు, మోరీలు వేశారు. అయితే వీటి చూపు ప్రధానంగా కార్పొరేషన్ హద్దు లోపలే. ఉప్పల్ కలాన్, కాప్రా, మల్కాజిగిరి 2007 ఏప్రిల్ దాకా విడి మున్సిపాలిటీలు. తూర్పు బస్తీలు వెనకబడటానికి హద్దు అవతల ఉండటమూ ఒక కారణం.

రాళ్ళకు, కట్టడాలకు వేరే ఫైలు నడిచింది. హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) 13వ నిబంధన కింద దర్గా వారసత్వ జాబితాకెక్కింది. మహ్ లఖా సమాధిని అమెరికా ప్రభుత్వ నిధులతో 2011 నాటికి బాగుచేశారు. ప్రాంగణం అందంగా తేలింది, సంతోషమే. కానీ ఢిల్లీలో ఆగాఖాన్ ట్రస్టు 2007 నుంచి చేసిన పని వేరు: హుమాయూన్ సమాధితో పాటు పక్కనున్న నిజాముద్దీన్ బస్తీలో బడి, ఆసుపత్రి, మరుగుదొడ్లను కూడా పట్టించుకుంది. మౌలా అలీలో మాత్రం గోడ లోపల ఒక శాఖ, బయట మరో శాఖ. గుట్ట రాయి నీళ్ళు తాగదు కాబట్టి వాననీరంతా కింది బస్తీల వైపే జారుతుంది. ఆ నీటిదారి ఎవరి లెక్కలోదో ముందు తేల్చాలి.

ఇక ఇళ్ళ పట్టాల సంగతి. 2014 డిసెంబరులో వచ్చిన 58వ జీవో ప్రభుత్వ భూమిలో 125 గజాల దాకా ఉన్న పేదల ఇళ్ళను ఉచితంగా క్రమబద్ధీకరిస్తామంది. వక్ఫ్ నేల, అంటే మతపరమైన దానంగా ఇచ్చిన భూమి, మీది ఇంటికి అది వర్తించదు. మరుసటి ఏడాది 13వ నిబంధన రద్దయింది, 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. పట్టా అడిగే మనిషి, గుట్టను కాపాడమనే మనిషి ఇప్పటికీ రెండు వేర్వేరు ఆఫీసుల మెట్లెక్కుతున్నారు.