ఊరిలోనే ఉన్న పరిశోధకుడు: పాలమూరు కళాశాలల అధ్యాపకులకు అందవలసిన ఆసరా – మక్తల్ పరిసరాల ఆధారంగా ఒక పరిశీలన

సారాంశం

చిన్న పట్టణాల కళాశాలల్లో పరిశోధన సాగకపోవడానికి అధ్యాపకుల ఆసక్తి లోపమే కారణమన్న అభిప్రాయం బలంగా ఉంది. మక్తల్ చుట్టుపక్కల జరిగిన రెండు పెద్ద పరిశోధనలను, నిధుల పథకాల నిబంధనలను కలిపి చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. ఈ ప్రాంతంలో పరిశోధన ఫలించిన ప్రతిచోటా పరిశోధకుడి వెనుక ఒక సంస్థ నిలబడింది. పాలమూరు విశ్వవిద్యాలయం తన అనుబంధ కళాశాలల అధ్యాపకులకు సమయం, చిన్న మొత్తాల నిధి, కాగితాల పనిలో సాయం ఇవ్వగలిగితే పరిశోధన ఇక్కడే వేళ్లూనుకుంటుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: మక్తల్, పాలమూరు విశ్వవిద్యాలయం, పరిశోధన నిధులు, అధ్యాపక వికాసం, డోకూర్, ముడుమాల

1. ప్రస్తావన

హైదరాబాద్ నుంచి రాయచూరు వెళ్లే దారిలో, కృష్ణానది దాటకముందే వచ్చే పట్టణం మక్తల్. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. 2019 ఫిబ్రవరిలో ఏర్పడిన నారాయణపేట జిల్లాలో ఇప్పుడు భాగం. కృష్ణా, భీమా నదులు కలిసే చోటు ఇక్కడికి దగ్గర. సంగంబండ జలాశయం, జూరాల నీళ్లు, నారాయణపేట చేనేత, తెలుగూ కన్నడమూ కలగలిసి వినిపించే సరిహద్దు ఊళ్లు, బొంబాయి పుణేలకు తరతరాలుగా వలస పోయిన కుటుంబాలు, ఇవన్నీ ఒక్క రోజులో చుట్టి రాగలిగినంత దూరంలోనే ఉన్నాయి. చరిత్ర, ఆర్థికశాస్త్రం, భాషాశాస్త్రం, జలవిజ్ఞానం, వృక్షశాస్త్రం బోధించేవారెవరికీ ఇక్కడ విషయానికి కొదువ లేదు.

2008లో మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఏర్పడడంతో ఉమ్మడి జిల్లా కళాశాలలకు సొంత విశ్వవిద్యాలయం దక్కింది. అది పరీక్షలు నిర్వహించి పట్టాలు ఇస్తే చాలదు. తన పరిధిలోని అధ్యాపకులను పరిశోధకులుగా తీర్చే బాధ్యత కూడా దానిదే.

2. డోకూర్, ముడుమాల: రెండు నిదర్శనాలు

మహబూబ్‌నగర్ నుంచి మక్తల్ వచ్చే దారిలో దేవరకద్ర తగులుతుంది. ఆ మండలంలోని డోకూర్, ఉమ్మడి జిల్లాలోనే ఉన్న ఔరేపల్లి గ్రామాలను మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో తన గ్రామస్థాయి అధ్యయనాలకు ఎంచుకుంది. మహారాష్ట్రలోని షోలాపూర్, అకోలా జిల్లాల నుంచి మరో నాలుగు గ్రామాలను తీసుకుంది. ఒక్కో గ్రామంలో 40 కుటుంబాలు: కూలీలు 10, చిన్న, మధ్యతరహా, పెద్ద రైతులు పదేసి. క్షేత్ర పరిశోధకులు ఊళ్లోనే కాపురముండి పంట, కూలి, అప్పు, తిండి ఖర్చుల లెక్కలను క్రమం తప్పకుండా రాసుకున్నారు. తొలి దశ 1985 వరకు సాగింది. 2000 తర్వాత ఆ పనిని మళ్లీ చేపట్టారు.

ఆ లెక్కల విలువ లోకానికి తెలిసింది. వాటి ఆధారంగా థామస్ వాకర్, జేమ్స్ ర్యాన్ మెట్ట ప్రాంత గ్రామాల ఆర్థిక జీవితం మీద 1990లో ఒక గ్రంథం వెలువరించారు. 1994లో రాబర్ట్ టౌన్‌సెండ్ ఎకనామెట్రికా పత్రికలో రాసిన ప్రసిద్ధ వ్యాసానికి ఔరేపల్లి కుటుంబాల లెక్కలూ ఆధారమే. ఒక ఇంటి రాబడి పడిపోయినా దాని తిండి ఖర్చు అంతగా పడిపోదనీ, ఊరి మొత్తం వాడకంతో పాటే అదీ కదులుతుందనీ ఆయన చూపాడు. కరువు సీమ పల్లె బతుకు ప్రపంచ ఆర్థికశాస్త్రానికి పాఠమైంది.

రెండో నిదర్శనం మక్తల్‌కు దక్షిణాన, కృష్ణ ఒడ్డున ఉన్న ముడుమాల నిలువురాళ్లు. హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు కె.పి. రావు వీటి మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఒక రాతిమీద తొలిచిన గుంటలు సప్తర్షి మండలాన్ని సూచిస్తున్నాయని ప్రతిపాదించారు. 2025 మార్చిలో ఈ స్థలం యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరింది.

ఈ రెండు చోట్లా పరిశోధకులకు దక్కినవి ఒకటే: ఏళ్ల తరబడి పనిచేసే వీలు, జీతభత్యాల హామీ, పద్ధతుల్లో తర్ఫీదు, సేకరించిన సమాచారాన్ని భద్రపరిచే ఏర్పాటు. ఇక్రిశాట్ ఖర్చు పెట్టి మరీ మనుషుల్ని ఊళ్లో ఉంచవలసి వచ్చింది. పాలమూరు కళాశాల అధ్యాపకుడు ముందే ఇక్కడ ఉన్నాడు. అతని ముందు కూర్చున్న విద్యార్థులు ఆ ఊళ్ల పిల్లలే. లేనిదల్లా వెనుక నిలబడే సంస్థ.

3. పూర్వ సంప్రదాయం

విశ్వవిద్యాలయం లేని రోజుల్లోనూ ఈ నేల పండితుల్ని కన్నది. గద్వాల ప్రాంతంలో 1896లో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక స్థాపించారు. 1934లో 354 మంది తెలంగాణ కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఆయన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. అంతమంది కవుల రచనలు ఒకచోట చేరడానికి ఊరూరా ఉన్న సాహిత్యాభిమానులు, పత్రిక పాఠకులు తోడ్పడ్డారు. హైదరాబాద్‌లో లక్ష్మణరాయ పరిశోధక మండలి శాసనాలు సేకరించి అచ్చువేసింది. వ్యక్తి దీక్షకు సమూహం అండ తోడైనప్పుడే ఆ పనులు పూర్తయ్యాయి.

4. ఎక్కడ ఆగిపోతోంది?

మొదటి అడ్డంకి సమయం. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల ప్రత్యక్ష బోధన ఉండాలని యూజీసీ నిబంధనలు చెబుతాయి. పరిశోధనకు వారానికి కనీసం 6 గంటలు కేటాయించాలని 2010 నిబంధనల్లో ఉంది. పోస్టులు ఖాళీగా ఉన్న కళాశాలలో ఆ 6 గంటలు ఇంకొకరి క్లాసులకు, పరీక్షల డ్యూటీకి, న్యాక్ ఫైళ్లకు పోతాయి.

రెండోది అర్హత. విజ్ఞానశాస్త్ర పరిశోధనకు నిధులిచ్చే కేంద్ర సంస్థ సెర్బ్ ప్రారంభించిన టేర్ పథకం రాష్ట్ర విశ్వవిద్యాలయాల, కళాశాలల అధ్యాపకుల కోసమే వచ్చింది. సొంత ఉద్యోగంలో ఉంటూనే ఏడాదికి కనీసం 90 రోజులు ఒక పెద్ద సంస్థలో పరిశోధన చేయవచ్చు. ఏడాదికి 5 లక్షల రూపాయల పరిశోధన నిధి, 60 వేల ఫెలోషిప్ చొప్పున 3 ఏళ్లు అందేలా దాన్ని రూపొందించారు. కానీ అది రెగ్యులర్ అధ్యాపకులకే. ఏళ్లుగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్నవారికి తలుపు మూసే ఉంది. రెగ్యులర్ అధ్యాపకుడికైనా ఆ 90 రోజుల క్లాసులు ఎవరు చూస్తారన్న ప్రశ్న మిగులుతుంది.

మూడోది కాగితాల భారం. ప్రాజెక్టు మంజూరైతే కొటేషన్లు, కొనుగోళ్లు, ఖర్చుల పట్టిక, వినియోగ ధ్రువపత్రం, ఆడిట్ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ధ్రువపత్రం అందకపోతే తర్వాతి వాయిదా రాదు. ఈ పని తెలిసిన గుమస్తా లేని కళాశాలలో మొత్తం భారం అధ్యాపకుడి మీదే పడుతుంది. నిధి తెచ్చుకున్నందుకు శిక్ష పడినట్టుంటే, పక్కవారు దరఖాస్తు చేయడానికే వెనుకాడతారు.

నాలుగోది శిక్షణ తీరు. 1986 జాతీయ విద్యావిధానం దరిమిలా మొదలైన అకడమిక్ స్టాఫ్ కాలేజీలు 2015లో మానవ వనరుల వికాస కేంద్రాలయ్యాయి. 2023 నుంచి మాలవీయ మిషన్ కేంద్రాలుగా నడుస్తున్నాయి. ఓరియంటేషన్, రిఫ్రెషర్ కోర్సులు పదోన్నతికి లెక్కకొస్తాయి. మంచి ఉపన్యాసాలూ దొరుకుతాయి. కోర్సు ముగిశాక మాత్రం అధ్యాపకుడు ఒంటరివాడే. అతని ప్రశ్నను పదునుపెట్టి, చిత్తుప్రతి చదివి, తిరస్కరణ వస్తే మళ్లీ రాయించే పెద్దదిక్కు ఉండదు.

5. ప్రతిపాదనలు

ఒకటి: పాలమూరు విశ్వవిద్యాలయంలో అనుబంధ కళాశాలలన్నిటికీ పనిచేసే పరిశోధన సహాయ కేంద్రం కావాలి. దాన్ని మరో అధ్యాపకుడికి అదనపు బాధ్యతగా అప్పగించకూడదు. నిధుల ప్రకటనలను తెలియజేసేవారు, బడ్జెట్ వేసేవారు, లెక్కలు చూసేవారు పూర్తికాలం ఉండాలి. సామాజికశాస్త్ర పరిశోధనకు తోడ్పడేందుకు 1969లో ఏర్పడిన ఐసీఎస్ఎస్ఆర్‌కు దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉస్మానియా ప్రాంగణంలోనే ఉంది. అలాంటి సంస్థలతో రాకపోకలు ఈ కేంద్రం పని.

రెండు: తొలి అడుగుకు చిన్న నిధి. యూజీసీ మైనర్ ప్రాజెక్టులు ఒకప్పుడు కళాశాల అధ్యాపకులకు తొలిమెట్టుగా ఉండేవి. ఆ స్థాయి సాయాన్ని విశ్వవిద్యాలయమే 50 వేల నుంచి 2 లక్షల రూపాయల మేర ఇవ్వాలి. దరఖాస్తు రెండు పేజీలు చాలు. తెలుగులో రాసినా తీసుకోవాలి. కాంట్రాక్టు అధ్యాపకులకూ అర్హత ఉండాలి.

మూడు: వారానికి 6 గంటలను టైంటేబుల్‌లోనే చూపాలి. ప్రాజెక్టు ఉన్నవారి క్లాసులకు గెస్ట్ అధ్యాపకుల ఖర్చును నిధిలో చేర్చాలి.

నాలుగు: సేకరించిన సమాచారం సంస్థది కావాలి. ప్రభుత్వ కళాశాలల్లో బదిలీలు తప్పవు. అధ్యాపకుడు వెళ్లిపోయినా పని ఆగకుండా గ్రామ సర్వేలు, ఫొటోలు, ముఖాముఖీలు విశ్వవిద్యాలయ భాండాగారంలో చేరాలి. జిజ్ఞాస కార్యక్రమంలో డిగ్రీ విద్యార్థులు ఏటా చేసే స్టడీ ప్రాజెక్టులను కూడా అందులో కలిపితే, కొన్నేళ్లకు డోకూర్ లెక్కల వంటి సంపద కూడుతుంది.

అయిదు: ప్రచురణలో తోడు. పత్రికల నాణ్యతకు గీటురాయిగా వచ్చిన కేర్ జాబితాను యూజీసీ 2025లో ఎత్తేసింది. మంచి పత్రికను గుర్తించే బాధ్యత ఇప్పుడు సంస్థలదే. డబ్బు తీసుకుని ఏదైనా అచ్చేసే పత్రికల బారి నుంచి కొత్తవారిని కాపాడాలంటే అనుభవజ్ఞులు రెండేళ్లపాటు వెంట ఉండి నడిపించాలి.

6. ముగింపు

ఈ ప్రతిపాదనల్లో పెద్ద భవనాలు గానీ ఖరీదైన యంత్రాలు గానీ లేవు. ఉన్నవి కొన్ని గంటలు, కొద్దిపాటి డబ్బు, ఒక చిన్న కార్యాలయం. 2023 చట్టంతో ఏర్పడిన జాతీయ పరిశోధన ఫౌండేషన్‌కు అయిదేళ్లలో 50 వేల కోట్ల రూపాయలు సమకూర్చాలని కేంద్రం సంకల్పించింది. దరఖాస్తు రాయగలిగే బలం లేని కళాశాలకు ఆ సొమ్ములో వాటా రాదు. ఆ బలం సమకూర్చడం విశ్వవిద్యాలయం చేతిలో ఉన్న పని. తమ కరువును, వలసను, నీళ్లు వచ్చాక మారిన సాగును పాలమూరు బిడ్డలే పరిశోధించి రాసేలా చూడడం కంటే ఈ విశ్వవిద్యాలయానికి పెద్ద లక్ష్యం ఉండదు.