భీమునిపట్నం పురపాలక సంఘం

విశాఖపట్నానికి ఈశాన్యంగా, గోస్తనీ నది బంగాళాఖాతంలో కలిసే చోట ఉన్న రేవు పట్టణం భీమునిపట్నం. ఉత్తరాంధ్రలో అందరూ భీమిలి అనే అంటారు. 1861లో ఇక్కడ ఊరి పారిశుద్ధ్యం, దారులు చూసుకోవడానికి ఒక స్వచ్ఛంద సంఘం ఏర్పడింది. మద్రాసు ప్రభుత్వం 1865లో పట్టణాభివృద్ధి చట్టం తెచ్చాక, 1866లో అది మున్సిపాలిటీ అయింది. 2013లో మహా విశాఖ నగరపాలక సంస్థలో విలీనమయ్యేదాకా ఆ పాలన సాగింది.

భీమిలి దేశంలోకెల్లా రెండో పాత మున్సిపాలిటీ అన్న మాట ఊళ్లో బాగా ప్రచారంలో ఉంది. అక్షరాలా తీసుకుంటే ఆ మాట నిలవదు. మద్రాసుకు 1688లోనే కార్పొరేషన్ ఉంది, కలకత్తా, బొంబాయిలకు పద్దెనిమిదో శతాబ్దంలో వచ్చాయి. అయినా తెలుగునాట మొదటి వరుసలో నిలిచే పురపాలక సంఘాల్లో ఇదొకటి అనడంలో సందేహం లేదు. అంత చిన్న ఊరికి అంత ముందుగా ఆ హోదా ఎలా దక్కిందో తెలియాలంటే రేవు కథ తెలియాలి.

డచ్చివారి రేవు

ఊరి వెనక ఉన్న నరసింహస్వామి కొండనే పావురాలకొండ అంటారు. దాని మీద బౌద్ధ విహారాల శిథిలాలు, రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి. అంటే డచ్చివారు రాకముందే ఈ తీరంలో రాకపోకలున్నాయి. పదిహేడో శతాబ్దంలో డచ్చి ఈస్టిండియా కంపెనీ ఇక్కడ వర్తక స్థావరం పెట్టి బట్టలు, బియ్యం ఎగుమతి చేసింది. మచిలీపట్నం, పాలకొల్లు, ఇప్పటి కాకినాడలోని జగన్నాథపురం కూడా వాళ్ల స్థావరాలే. 1754లో మరాఠా దండు భీమిలిలోని డచ్చి స్థావరాన్ని దోచుకుంది. ఐరోపాలో ఇంగ్లీషువారికీ డచ్చివారికీ యుద్ధం వచ్చినప్పుడల్లా ఈ రేవు చేతులు మారేది. చివరికి 1824 లండన్ ఒప్పందం ప్రకారం డచ్చివారు భారతదేశంలోని తమ స్థావరాలన్నీ వదులుకుని, సుమత్రాలో ఇంగ్లీషువారి బెంకూలెన్‌ను తీసుకున్నారు. 1825లో భీమిలి ఇంగ్లీషు కంపెనీ చేతికొచ్చింది.

ఆ కాలానికి సాక్ష్యంగా మిగిలింది డచ్చి సమాధుల తోట. ఇటుకతో, సున్నంతో కట్టిన పొడవాటి గోపురాల్లాంటి సమాధులు, అక్షరాలు చెక్కిన నల్లరాతి పలకలు అక్కడ ఉన్నాయి. ఉప్పుగాలికి ఆ సున్నం పొరలు పొరలుగా ఊడిపోతోంది.

గోగునార కాలం

భీమిలికి గట్టి హార్బరు ఎప్పుడూ లేదు. ఓడలు తీరానికి దూరంగా, బహిరంగ సముద్రంలోనే లంగరు వేసేవి. ఒడ్డునుంచి సరుకును మసూలా పడవల్లో చేరవేసేవారు. ఈ పడవకు మేకులుండవు. పలకలను కొబ్బరి పీచు తాళ్లతో కుట్టి కడతారు. కెరటం కొట్టినప్పుడు పలకలు కాస్త సాగి, మళ్లీ సర్దుకుంటాయి. మేకులు కొట్టిన గట్టి పడవ అక్కడి అలల దెబ్బకు పగిలిపోతుంది. ఊరి వైభవమంతా ఆ కుట్ల మీదే నిలిచిందని చెప్పాలి.

ఎగుమతుల్లో ముఖ్యమైనది గోగునార. ఉత్తరాంధ్ర రైతులు గోగు కట్టెలను మోపులు కట్టి చెరువుల్లో నానబెట్టి, నార వలిచి, ఉతికి ఆరబెట్టేవారు. ఆ నార భీమిలి రేవు నుంచి బయటి దేశాలకు వెళ్లి, అక్కడి మార్కెట్లలో 'బిమ్లి జూట్' పేరుతో స్థిరపడింది. వర్తక నిఘంటువుల్లో ఆ పేరు ఇప్పటికీ కనిపిస్తుంది. నారతోపాటు నూనెగింజలు, కరక్కాయలు కూడా ఓడలెక్కేవి. గోస్తనీ ఒడ్డున చిట్టివలసలో వెలిసిన జూట్ మిల్లు వేల కుటుంబాలకు ఆధారమైంది. 2009లో అది మూతపడింది.

1901 జనాభా లెక్కల్లో భీమిలి జనం 10,212 మంది మాత్రమే. అయినా ఆనాటి ఆంగ్ల విజ్ఞాన సర్వస్వాలు దీన్ని విశాఖపట్నం జిల్లాకు ప్రధాన రేవుగా పేర్కొన్నాయి. దీపస్తంభం, గడియార స్తంభం, సెయింట్ పీటర్స్ చర్చి ఈ ఊరి పాత ఆనవాళ్లు.

రైలు, హార్బరు

1893లో వాల్తేరు మీదుగా కటకం వైపు రైలుమార్గం వేసినప్పుడు అది విజయనగరం మీదుగా లోపలి దారి పట్టింది. భీమిలి పక్కకు పడిపోయింది. 1931లో రాయపూర్–విజయనగరం లైను పూర్తయి మధ్య పరగణాల సరుకు విశాఖ వైపు మళ్లింది. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' ఓడతో విశాఖ హార్బరు మొదలైంది. ఓడ నేరుగా గట్టుకే వచ్చి ఆగే రేవు దొరికాక, తీరానికి దూరంగా లంగరు వేసి పడవల్లో సరుకు దించుకునే అవసరం వర్తకులకు లేకపోయింది. భీమిలి వర్తకాన్ని దెబ్బతీసింది తుపాను కాదు, మరెవరి దురుద్దేశమూ కాదు. పక్కూరికి దక్కిన లోతైన నీళ్లూ రైలుపట్టాలూ ఆ పని చేశాయి.

విలీనం

ఓడలు పోయినా మున్సిపాలిటీ మరో ఎనభై ఏళ్లు నిలిచింది. ఈలోగా విశాఖ పెరిగింది. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. 1979లో విశాఖ కార్పొరేషన్ అయింది. 2005లో గాజువాక మున్సిపాలిటీని, 32 గ్రామాలను కలుపుకొని మహా విశాఖ ఏర్పడింది. 2013లో అనకాపల్లితోపాటు భీమిలి వంతు వచ్చింది.

చిన్న మున్సిపాలిటీలను పెద్దవాటిలో కలపడం మన దగ్గరే జరిగింది కాదు. 1838 నుంచి స్థానిక స్వపరిపాలన ఉన్న నార్వేలో కూడా 1960ల్లో ఎన్నో దీవుల మున్సిపాలిటీలను రద్దు చేసి పక్కవాటిలో చేర్చారు. కానీ భీమిలి విషయంలో ఒక లోటు స్పష్టంగా ఉంది. విశాఖ పాలకవర్గం గడువు 2012లోనే ముగిసింది, మళ్లీ ఎన్నికలు 2021 మార్చిలో 98 వార్డులకు జరిగాయి. విలీనమైన భీమిలి అన్నేళ్లూ ఎన్నికైన కార్పొరేటర్లు లేకుండా, అధికారుల పాలనలోనే గడిపింది. పంతొమ్మిదో శతాబ్దంలోనే సొంత సంఘం పెట్టుకున్న పట్టణానికి ఇది న్యాయం కాదు.

ఇప్పుడు భీమునిపట్నం పేరు శాసనసభ నియోజకవర్గానికి, మండలానికి, 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన రెవెన్యూ డివిజనుకు ఉంది. పురపాలక సంఘం మాత్రం లేదు.