కిరసనాయిలు పద్దు

మా అటక మీద నలభై పేజీల నోటుబుక్కు ఒకటుంది. అట్ట మీద ‘అక్షర దీపం - కిరసనాయిలు లెక్క’ అని నా రాత. లోపల ఇలా ఉంటుంది: ‘బావికాడి అత్త - గిద్దెడు. చింతమాను కింది పెదమ్మ - అరసోల. రేషన్ డీలరు - రెండు లీటర్లు, పీపా అడుగున మిగిలింది.’ పదమూడు నెలల పద్దులు ఇవి. నెల్లూరు జిల్లాలో అక్షర దీపం పేరుతో నడిచిన వయోజన అక్షరాస్యతా కార్యక్రమం గురించీ, దాని వెనకే వచ్చిన సారా వ్యతిరేక ఉద్యమం గురించీ ఇన్నేళ్ళలో చాలా చదివాను, చాలా ఉపన్యాసాలు విన్నాను. ఈ కిరసనాయిలు మాత్రం నాకెక్కడా తగల్లేదు. లాంతరు దానంతటదే వెలిగినట్టు రాస్తారు.

1991లో నాకు పందొమ్మిదేళ్ళు. ఇంటర్లో లెక్కలు తప్పి ఇంట్లో కూర్చున్నాను. మాది మెట్ట. వానొస్తే వేరుశెనగ, లేకపోతే పొగాకు, రెండూ లేకపోతే వలస. ఒకరోజు హైస్కూలు అయ్యవారు మా గడపలోకొచ్చి, “పాపా, రాత్రిపూట గంటన్నర ఆడవాళ్ళకి చదువు చెప్పాల. జీతం గీతం ఏమీ ఉండదు, ముందే చెప్తుండా” అన్నారు. మా నాయన నవ్వి, “జీతం లేని అయ్యోరు పని ఎవురన్నా చేస్తారా సార్?” అన్నాడు.

చేశారు. మా నాయనకి తెలియదు గానీ, అప్పటికి ఎనభై ఏళ్ళ నుంచి తెలుగునాట చేస్తూనే ఉన్నారు. రాజమండ్రిలో చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు దళితుల పిల్లలకి బడి నడిపారు. చిన్నప్పటి నుంచీ రేచీకటితో బాధపడ్డ మనిషి ఆయన. దీపం విలువ ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? 1914 ఏప్రిల్ 10న బెజవాడలో గ్రంథాలయాల ప్రతినిధులు తొలి మహాసభ పెట్టుకుంటే అధ్యక్షత వహించింది కూడా ఆయనే. ఆ సభను కూర్చింది అయ్యంకి వెంకటరమణయ్య గారు. 1908లో రాజద్రోహం కేసులో జైలుకెళ్ళిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు తర్వాతి జీవితంలో ఎక్కువ భాగం ఊరూరా గ్రంథాలయాలకీ వయోజన విద్యకీ ధారపోశారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లిపర వైపు పోయే కాలవ పడవల్లో పుస్తకాలు పెట్టించారు. పడవ ఎట్లాగూ నిదానంగా పోతుంది, మనిషి ఎట్లాగూ ఖాళీగా కూర్చుంటాడు. ఆ ఖాళీలోకి పుస్తకాన్ని దూర్చిన బుర్రకి నేను ఇప్పటికీ దండం పెడతాను.

వీటన్నిటికీ డబ్బు ఎక్కడిదంటే చందాలు. నేను తర్వాత బడిపంతులమ్మనై ఊళ్ళు తిరుగుతూ గమనించింది ఒకటుంది. పాత గ్రంథాలయ భవనం ఏ ఊళ్ళో చూసినా గోడలో దాత పేరు చెక్కిన రాయి ఉంటుంది, ఆయన తండ్రి పేరూ ఉంటుంది. లోపల బీరువా మీదా పేరుంటుంది. ఆ గదిలో రోజూ దీపం పెట్టినవాడి పేరు, పత్రికలకి నెలనెలా డబ్బు కట్టినవాళ్ళ పేర్లు ఉండవు. పేరు రాయించుకోను చోటున్న వస్తువుకి దాత తొందరగా దొరుకుతాడు. కిరసనాయిలు మీద ఏం రాస్తాం? 1948లో మద్రాసు రాష్ట్రం గ్రంథాలయ చట్టం తెచ్చి ఇంటిపన్ను మీద సెస్సు వేసింది. దాత పేరు అవసరం లేని డబ్బు గ్రంథాలయాలకి అప్పుడు మొదలైంది. రాత్రిబడికి ఆ పాటి ఏర్పాటు కూడా లేదు.

సర్కారు వయోజన విద్య 1978 అక్టోబరు 2న పెద్ద ఎత్తున మొదలైంది. కేంద్రం నడిపేవాడికి నెలకి 50 రూపాయలు. మా ఊళ్ళో కూడా ఒకటుండేదట. ఉండేదని రిజిస్టరు చెబుతుంది. మా అమ్మ పేరు అందులో ఉంది, మా అమ్మకి ఆ సంగతి తెలియదు! యాభై రూపాయలు బతకడానికి చాలవు, సేవ చేస్తున్నానని అనుకోవడానికి అడ్డం. నా లెక్కలో అసలు జీతం లేకపోవడమే దానికంటే నయం.

తీరు మార్చింది కేరళ. 1988 మే 5న జాతీయ సాక్షరతా మిషన్ వచ్చింది. ఎర్నాకుళం జిల్లాలో శాస్త్ర సాహిత్య పరిషత్తు వాళ్ళూ జిల్లా యంత్రాంగమూ కలిసి వేలాది వాలంటీర్లని దింపి, 1990 ఫిబ్రవరిలో జిల్లాని సంపూర్ణ అక్షరాస్యంగా ప్రకటించారు. ఆ పద్ధతి మీదే మన దగ్గరా జిల్లాలు కదిలాయి. కలెక్టరు అధ్యక్షతన జిల్లా సాక్షరతా సమితి, వాచకాలకీ శిక్షణకీ కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల డబ్బు, చదువు చెప్పేవాళ్ళకి పైసా లేదు. ముందు కళాజాతా దిగేది. జన విజ్ఞాన వేదిక కుర్రాళ్ళు డప్పుతో రచ్చబండ దగ్గర ఆడి పాడి పోయేవాళ్ళు. 1991 జనాభా లెక్కల్లో అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో చదవను రాయను వచ్చినవాళ్ళు నూటికి 44 మంది, ఆడవాళ్ళలో 33 మంది కూడా లేరు. మా వీధిలో లెక్కవేస్తే అంతకంటే కనాకష్టంగా ఉండేది.

నాకు పద్నాలుగు మందిని అప్పజెప్పారు. 15 నుంచి 35 ఏళ్ళ లోపు వాళ్ళకే చెప్పాలన్నారు. నా దగ్గరికొచ్చిన వాళ్ళలో సగం మంది ఆ గీత దాటినవాళ్ళే. “నా వయసు నాకే తెలవదు, నీకెట్టా తెలుస్తాది పాపా?” అని ఒకవ్వ అడిగితే నేను రిజిస్టర్లో ముప్పై నాలుగు వేశాను.

మూడు వాచకాలు, మొత్తం రెండు వందల గంటలు. మొదట అక్షరాలు కాదు, మాట నుంచి అక్షరానికి రావాలి. చివర పరీక్ష. నిమిషానికి 30 మాటలు పైకి చదవాలి, చెబుతుంటే నిమిషానికి 5 మాటలు రాయాలి, వందదాకా అంకెలు రావాలి. మా అన్న గడియారం అడుక్కొచ్చి పెట్టుకుని చదివించాను. బావికాడి అత్త పదకొండు మాటల దగ్గర ఆగి చెమట తుడుచుకుని, “నిమిషానికి మూడొందల మాటలు తిట్టేదాన్నే, ముప్పై చదవలేకుండా ఉండానే” అంది. ఆ రాత్రి నవ్విన నవ్వుకి లాంతరు ఆరినంత పనైంది.

బడి రామమందిరం అరుగు మీద. అన్నాలు తిని, పిల్లల్ని నిద్రపుచ్చి వాళ్ళొచ్చేసరికి తొమ్మిదయ్యేది. కరెంటు ఉండేది గానీ, మేం పలకలు పట్టుకునే వేళకి అది ఉండేది కాదు. పొగాకు కోతలప్పుడు అసలు రాలేకపోయేవాళ్ళు. పొద్దంతా ఆకు కర్రలకి కట్టి కట్టి వేళ్ళకి జిగురు పట్టి బలపం జారిపోయేది. అప్పుడు బడినే బ్యారన్ దగ్గరికి తీసుకుపోయాను. బ్యారన్ ఆసామి మంచివాడు, లోపలి దీపం బయట తగిలించుకోనిచ్చాడు. ఆ నెలన్నర కిరసనాయిలు పద్దులో సున్నాలే ఉన్నాయి.

పలకలూ వాచకాలూ మండలం నుంచి వచ్చాయి. లాంతర్లు రెండొచ్చాయి. నూనె రాలేదు. శిక్షణలో ఎవరో ఆ మాట అడిగితే, “స్థానిక వనరులు సమీకరించుకోండి” అన్నారు. ఆ స్థానిక వనరు ఎవరంటే బావికాడి అత్తే. రేషన్‌లో వచ్చే కిరసనాయిలు ఇంట్లో బుడ్డికి, పొయ్యి రాజెయ్యడానికి సరిపెట్టుకునేది. అందులోంచే గిద్దెడు. గుడికి పిడికెడు బియ్యం తీసినట్టు వంతులేసుకుని తెచ్చేవాళ్ళు. చదువు నేర్చుకునేవాళ్ళే చదువుకి దాతలు. ఎవరి వంతు తప్పినా తగువు రాకూడదని నోటుబుక్కు పెట్టాను. ఇంటర్లో తప్పిన లెక్కలు అక్కడ పనికొచ్చాయి.

వేసవిలో ఒక పెద్ద దాత వచ్చాడు. మా ఊరి సారా అంగడి పాటదారు మనిషి. గుడి సున్నానికీ అన్నదానానికీ ముందుండే చెయ్యి. కొత్త పెట్రోమాక్స్ లైటు తెచ్చి అరుగు మీద పెట్టాడు. నూనె పోసే టాంకు చుట్టూ ఎర్ర రంగుతో తన పేరు, ఇంటిపేరుతో సహా రాయించుకున్నాడు. నేను తీసుకున్నాను. ఇప్పుడైతే తీసుకోనేమో. అప్పుడు లాంతరు గుడ్డివెలుగులో ‘ఖ’కీ ‘ఘ’కీ తేడా కనపడక కళ్ళు పీక్కుంటున్న పద్నాలుగు మందే కనపడ్డారు నాకు. వాచకం బయట మా వాళ్ళు కూడబలుక్కుని చదివిన మొట్టమొదటి అక్షరాలు ఆయన పేరువే.

ఆ వెలుగులోనే సీతమ్మ కథ చదివాం. వాచకంలో ఒక పాఠం అది, తాగుబోతు మొగుడితో వేగే ఆడమనిషి కథ. నేను పాఠం చెప్పలేదు, చెప్పనివ్వలేదు. రెండో వాక్యానికే ఎవరో “ఇది మా ఇంటి కథే పాపా, ఎవురు చెప్పారు వాళ్ళకి?” అన్నారు. పుస్తకం మూసేసి గంటసేపు మాట్లాడుకున్నారు. ఇంట్లో బియ్యం కొనను డబ్బులు లేకపోయినా సారా పాకెట్టు గడపదాకా వస్తుండేది. ఎవరింట్లో రోజుకి ఎన్ని పాకెట్లో చెప్పుకుంటూ పోతే నేను పలక మీద కూడాను. ఒక వీధి, ఒక నెల. ఆ మొత్తం చూసి ఎవరూ మాట్లాడలేదు.

కలిగిరి మండలం దూబగుంటలో ఏం జరిగిందో అందరికీ తెలుసు. అక్షర దీపం బడిలో కూడిన ఆడవాళ్ళు ఊళ్ళోకి సారా రాకుండా అడ్డం పడ్డారు. వర్ధినేని రోశమ్మ గారి పేరు అప్పుడే బయటికి వచ్చింది. 2016లో ఆవిడ పోయేదాకా ఆ ఊరి పేరే ఆవిడ ఇంటిపేరైపోయింది. దూబగుంట కథని తర్వాత ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అని పాఠంగా వేశారు. దాన్ని చదివిన ఊళ్ళు కదిలాయి. 1992లో నెల్లూరులో సారా వేలంపాటలు జరగనివ్వలేదు, అవి పలుమార్లు వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం. 1995లో సంపూర్ణ మద్య నిషేధం, 1997లో అది సడలింది. ఆ దారి పొడుగునా నెల్లూరు ఆడవాళ్ళు రోజుకో రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి సంఘాలు కట్టుకున్నారు. ఇట్లాంటి అక్షరాస్యతా కార్యక్రమమే తమిళనాడు పుదుక్కోట్టైలో వేలమంది ఆడవాళ్ళకి సైకిలు నేర్పింది. వాళ్ళకి సైకిలొచ్చింది, మాకు సారా పోయింది.

మా వాళ్ళు కూడా అడ్డం పడి మా ఊళ్ళో అంగడి మూయించిన వారానికి పాటదారు మనిషి అరుగు దగ్గరికొచ్చి తన లైటు తనకిమ్మన్నాడు. నేను బిక్కచచ్చిపోయాను. చింతమాను కింది పెదమ్మ లేచి, ఇంకా వెలిగించని మాంటిల్ మాత్రం జాగ్రత్తగా విప్పి నా చేతిలో పెట్టింది. “ఇది మా డబ్బులతో కొన్నింది” అని, లైటు అతని కాళ్ళ దగ్గర పెట్టింది. నోటుబుక్కులో మాంటిల్ పద్దు ఉంది, ఆవిడ చెప్పింది నిజమే. మళ్ళీ లాంతర్లకి వచ్చాం.

అయితే ఆ లాంతర్లు ఎక్కువకాలం వెలగలేదు. ఇది ఉద్యమం మీద రాసేవాళ్ళు దాటేసే సంగతి. 1992 మొదలయ్యేసరికి రాత్రి తొమ్మిదికి ఆడవాళ్ళు బడికి రాలేదు, అంగడి మళ్ళీ తెరవకుండా కాపలాకి పోయారు. నేనూ పోయాను. మండలం నుంచి వచ్చేవాళ్ళకి మా బడి మీద ఉత్సాహం చల్లబడింది. సారా పాటల డబ్బు సర్కారుకే పోయేది మరి. చదువు చెప్పబోయి సారా మానిపించామని గొప్పగా చెప్పుకుంటాం, నేనూ చెప్పుకున్నాను. కానీ నా పద్నాలుగు మందిలో ఇప్పుడు పేపరు పట్టుకుని చదవగలిగేవాళ్ళు ముగ్గురు. ఇంకో ఆరుగురు సంతకం పెడతారు, అంతే. మిగతావాళ్ళు పింఛను దగ్గర మళ్ళీ వేలిముద్రకే పోయారు, బయోమెట్రిక్ వచ్చాక ఆ సిగ్గు కూడా లేకుండా పోయింది. మొదటి మూడు వాచకాల తర్వాత చేతిలో పెట్టడానికి నా దగ్గర పుస్తకం లేదు, లాంతర్లో పోయడానికి నూనె లేదు. రెండు వందల గంటల్లో వచ్చిన చదువు రెండు వేసవుల్లో పోయింది.

తర్వాత 2009లో సాక్షర భారత్ వచ్చింది. పంచాయతీకి ఇద్దరు సమన్వయకర్తలు, నెలకి 2,000 రూపాయలు. ఇప్పుడు ‘ఉల్లాస్’ నడుస్తోంది. మళ్ళీ వాలంటీర్లే, మళ్ళీ జీతం లేదు. ఈసారి పాఠం సెల్‌ఫోన్లో కూడా ఉంటుంది కాబట్టి కిరసనాయిలు అక్కర్లేదు, డేటా కావాలి. ఆ రీచార్జి ఎవరి వంతో ఎవరైనా రాసిపెట్టుకుంటున్నారో లేదో మరి.

నెల్లూరు, ప్రకాశం, చిత్తూరు వైపు పాఠకులకి ఒక మాట. మీ ఇంట్లో ఏ అటక మీదైనా, ట్రంకు పెట్టెలోనైనా అక్షర దీపం నాటి వాచకాలు గానీ, హాజరు పట్టీలు గానీ, ఇట్లాంటి చందా లెక్కలు గానీ ఉంటే పాత కాగితాల వాడికి వెయ్యకండి. దగ్గర్లోని శాఖా గ్రంథాలయానికి ఇవ్వండి, ఇచ్చినట్టు సంతకం పెట్టించుకోండి. నా నోటుబుక్కు నేను ఈ నెలలో ఇస్తున్నాను. అందులో చివరి పద్దు 1992 ఫిబ్రవరిది: ‘బావికాడి అత్త - గిద్దెడు. బడి జరగలేదు, నూనె తిరిగి ఇచ్చాను.’