అవ్వ దాచిన అనపలు, నాయన కొన్న టమాటా

మా జిల్లాలో టమాటా పండని ఊరు వెతికినా దొరకదు. సీజన్‌లో చింతామణి మార్కెట్టుకు తెల్లవారకముందే బాక్సులు బారులు తీరుతాయి. ఇంతగా మనదైపోయిన ఈ కాయ నిజానికి మనది కాదు. దక్షిణ అమెరికాలో అడవి మొక్కగా పుట్టి, మెక్సికోలో తోటపంటగా మారి, పోర్చుగీసువాళ్ళ ఓడల్లో ఇండియాకు వచ్చింది. మిరపకాయ, ఉర్లగడ్డ, జామ, బొప్పాయి కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. 1492లో కొలంబస్ బయలుదేరాడని సోషల్ పాఠంలో చదువుతాం. ఆ ప్రయాణం వల్లే మన సంగటిలోకి మిరపకాయ కారం వచ్చిందని మాత్రం అందులో ఉండదు. అంతకు ముందు కారం అంటే మిరియాలే.

పేర్లు చూస్తే ఈ చరిత్ర కొంత తెలుస్తుంది. మిరపకాయను కన్నడంలో మెణసినకాయి అంటారు, మెణసు అంటే మిరియం. బొప్పాయిని పరంగి హణ్ణు అంటారు. పరంగి అంటే యూరపు నుంచి వచ్చినవాడు. మన ఫిరంగి కూడా ఆ మాటే. బెంగళూరు వంకాయ అసలు వంకాయే కాదు. మెక్సికో వైపు తీగ అది, 19వ శతాబ్దం చివర్లో లాల్‌బాగ్‌ను చూసుకున్న జాన్ కామెరాన్ ఇక్కడ పెంచించాడు. దానికి విడిగా గింజ తీయరు. కాయను మొత్తంగా నాటితే లోపలి గింజ మొలిచి బయటికి వస్తుంది.

మరి మనవి ఏవి? ఉలవలు మనవి. బళ్ళారి దగ్గర సంగనకల్లు తవ్వకాల్లో మూడు నాలుగు వేల ఏళ్ళ కిందటి మాడిన ఉలవ గింజలు దొరికాయి. అనపకాయ కూడా ఈ నేలకు చాలా పాత పంట. రాగి చేలో సాళ్ళ మధ్య వేస్తారు. ధనుర్మాసంలో పితికిన పప్పు కూర వండితే వీధంతా వాసన వస్తుంది.

మా అవ్వ అనప విత్తనం ఎప్పుడూ కొనలేదు. ముందు కాసిన మంచి కాయల్ని చెట్టుకే ఎండనిస్తుంది. గింజలు వలిచి, బూడిద కలిపి, కుండలో పోసి, మూతికి గుడ్డ కడుతుంది. సొర గింజలైతే ఎండిన సొరబుర్రలోనే ఉంటాయి. గుమ్మడి గింజల్ని పచ్చి పిడకకు అద్ది ఎండబెడుతుంది. ఇవి ఆమె వాళ్ళ అమ్మ దగ్గర నేర్చుకున్నవి.

అదే పద్ధతిలో ఒకసారి నాయన తోటలోని టమాటా గింజలు దాచి పెరట్లో నారు పోసింది. ఒక మొక్కకు గోలీ అంత కాయలు, ఇంకో దానికి పెద్దవే గాని పగిలినవి, మూడోది పూతలోనే ఎండిపోయింది. "నా చెయ్యి ఇంక పనికి రాదేమోరా" అనింది. ఆ మాట నాకు బాధనిపించింది. ఎందుకిట్లా అయిందో తెలుసుకోవాలనుకున్నాను.

జవాబు మన పదో తరగతి సైన్సులోనే ఉంది. మెండెల్ బఠాణీలతో చేసిన ప్రయోగాలు 1866లో అచ్చయ్యాయి. రెండు రకాలను కలిపితే మొదటి తరం మొక్కలన్నీ ఒకే మాదిరి ఉంటాయి. వాటి గింజలు వేస్తే రెండో తరంలో గుణాలు విడిపోతాయి. నాయన కొనే ప్యాకెట్టులో ఉండేది మొదటి తరం. అవ్వ నాటింది రెండో తరం. ఆమె చేతిలో లోపమేమీ లేదు.

ఈ ప్యాకెట్టు చరిత్ర మనకు దగ్గరిదే. 1965లో మన్మోహన్ అత్తావర్ బెంగళూరులో ఇండో అమెరికన్ హైబ్రిడ్ సీడ్స్ మొదలుపెట్టారు. 1973లో ఆ సంస్థ 'కర్ణాటక' అనే హైబ్రిడ్ టమాటాను, 'భారత్' అనే క్యాప్సికమ్‌ను విడుదల చేసింది. హైబ్రిడ్ గింజ ఖరీదు ఎందుకంటే, మొగ్గ విచ్చకముందే కేసరాలు చేత్తో తీసేసి, వేరే రకం పుప్పొడి అద్దాలి. ఒక్కో పువ్వుకూ ఇట్లాగే చెయ్యాలి. రాణెబెన్నూరు చుట్టుపక్కల ఈ పని ఎక్కువగా ఆడవాళ్ళే చేస్తారు.

నాయన మాట కూడా రాయాలి. "ఇంటి విత్తనంతో లారీ నిండదు" అంటాడు. నిజమే. తోటంతా ఒకే మాదిరి కాయ, ఎక్కువ దిగుబడి, కొన్ని తెగుళ్ళకు ఓర్పు లేకపోతే ఇంత పెద్ద మార్కెట్టు ఉండేది కాదు. కానీ ప్రతి పంటకూ మళ్ళీ కొనాలి. ఇప్పుడు చాలామంది గింజ కూడా కొనరు, నర్సరీ నుంచి ట్రేలలో నారే తెచ్చుకుంటారు. టమాటా తోటలో పెరిగిన పిల్లలు టమాటా మొలకెత్తడం చూసి ఉండరు. నాకిది విచిత్రంగా ఉంటుంది.

2001 నాటి మొక్కల రకాల, రైతుల హక్కుల చట్టం ప్రకారం రైతు తన పంట విత్తనం దాచుకోవచ్చు, మళ్ళీ వేసుకోవచ్చు, పక్కవాళ్ళకు ఇవ్వవచ్చు. కంపెనీ పేరుతో మాత్రం అమ్మకూడదు. హైబ్రిడ్‌ను కూడా దాచుకోవచ్చు, కానీ అదే పంట రాదు కదా! అందుకే కొత్తగా పెరట్లో మొదలుపెట్టేవాళ్ళు ఏ రకమో అడిగి తెచ్చుకోవాలి. 1967లో ఏర్పడిన హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థవాళ్ళ అర్కా వికాస్ హైబ్రిడ్ కాదు. బాగా పండిన కాయ గుజ్జును రెండు రోజులు పులియబెట్టి, కడిగి, నీడలో ఆరబెడితే గింజలు మళ్ళీ వేసుకోవచ్చు. అదే సంస్థవాళ్ళ అర్కా రక్షక్ హైబ్రిడ్. పేర్లు ఒకే మాదిరి ఉంటాయి కాబట్టి ప్యాకెట్టు మీద చూసుకోవాలి.

అవ్వకు అర్కా వికాస్ గింజలు తెచ్చిచ్చాను. ఆమె వాటినీ బూడిదలోనే కలిపింది. ఈసారి అనపలు రెండు శేర్లు పక్కింటివాళ్ళకు నాగుకు ఇచ్చింది. పంటొచ్చాక వాళ్ళు కొంచెం ఎక్కువ కొలిచి తిరిగిస్తారు.