“పడిపోయాడు” అని రాసిన చీటీ: ప్రమాద గాయాల లెక్క వెనక కథ

పోస్టు కొంచెం పెద్దదే. మీ ఇంట్లో వాళ్ళు కూడా సంతకి ఆటోలో వెళ్ళొచ్చేవాళ్ళయితే చివరిదాకా చదవండి.

రెండేళ్ళ కిందట మా బాబాయి సంత నుంచి సర్వీసు ఆటోలో వస్తున్నాడు. లోపల చోటు లేదు. వెనకాల కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఘాట్ మలుపులో ఆటో పల్టీ కొట్టింది. మోకాలి కింద ఎముక విరిగింది. ఆసుపత్రిలో “ఏమైంది?” అని అడిగితే, తీసుకెళ్ళినవాళ్ళు “పడిపోయాడండీ” అన్నారు. ఆటో పక్క ఊరి వాడిదే, మనవాడి మీద కేసెందుకు అని వాళ్ళ ఆలోచన. చీటీలో కూడా అదే ఎక్కింది. తర్వాత పరిహారం కోసం వకీలు దగ్గరికి వెళ్తే, ఆయన ఆ చీటీ చూసి “ఇందులో బండి ఏదయ్యా?” అన్నాడు. మా దగ్గర జవాబు లేదు.

ఈ మధ్య మా హాస్టల్ సీనియర్ అన్న ఒకరు మెడికల్ కోడింగ్ నేర్చుకుంటున్నారు. ఆయన పుస్తకం తిరగేస్తుంటే నాకొకటి అర్థమైంది. “ఏమైంది?” అనే ఒక్క మాటలో రెండు ప్రశ్నలున్నాయి. ఒంట్లో ఏం విరిగింది? దేనివల్ల విరిగింది? ఈ రెండూ వేరువేరుగా రాయాలని ప్రపంచం నేర్చుకోడానికి దాదాపు మూడు వందల ఏళ్ళు పట్టింది.

1600ల నాటి లండన్‌లో ఏ వారం ఎంతమంది చనిపోయారో, ఎందుకు చనిపోయారో జాబితాలు వేసేవారు. ఆ కారణం చెప్పింది డాక్టర్లు కాదు. ఇంటింటికీ వెళ్ళి శవాన్ని చూసొచ్చే పేద ముసలమ్మలు. వాళ్ళని ‘సెర్చర్లు’ అనేవారు. 1662లో జాన్ గ్రాంట్ అనే వ్యాపారి ఆ జాబితాలన్నీ కలిపి ఒక పుస్తకం రాశాడు. ఆయన కూడా డాక్టరు కాదు. ఆ లెక్కల్లో ప్లేగు ఒక వరుస, నీళ్ళలో మునగడం ఒక వరుస, రకరకాల ప్రమాదాలన్నీ కలిపి ఇంకో వరుస. అంతే.

తర్వాత ఇంగ్లండ్ జనన మరణాల రిజిస్ట్రేషన్ ఆఫీసులో విలియం ఫార్ అనే ఆయన ఈ పనిని గట్టిగా పట్టుకున్నాడు. 1853లో బ్రసెల్స్‌లో జరిగిన అంతర్జాతీయ గణాంక సభ, అన్ని దేశాలకూ పనికొచ్చే ఒకే జాబితా తయారుచేయమని ఆయనకీ, జెనీవాకు చెందిన మార్క్ డెస్పీన్‌కీ అప్పజెప్పింది. 1855లో ఫార్ ఇచ్చిన జాబితాలో మరణాలు అయిదు గుంపులు. బయటి దెబ్బల వల్ల వచ్చే చావులు అందులో విడిగా ఒక గుంపు. రోగం వేరు, దెబ్బ వేరు అన్నది అక్కడ స్థిరపడింది.

ఈలోగా రోడ్డు మీదకి యంత్రం వచ్చింది. 1869లో ఐర్లండ్‌లో మేరీ వార్డ్ అనే శాస్త్రవేత్త ఆవిరి బండి నుంచి పడి, దాని చక్రం కింద చనిపోయింది. ఆమె విషయంలో “పడిపోయింది” అని రాసి ఊరుకోలేదు. విచారణ జరిగింది, బండి సంగతి రికార్డుకెక్కింది. అందుకే నూట యాభై ఏళ్ళ తర్వాత కూడా మనం ఆ ప్రమాదం గురించి చదువుతున్నాం. 1896లో లండన్‌లో కారు గుద్ది చనిపోయిన బ్రిడ్జెట్ డ్రిస్కాల్ విషయంలోనూ విచారణ జరిగింది.

1893లో ఫ్రాన్స్‌కు చెందిన జాక్ బెర్టియాన్ మరణ కారణాల కొత్త జాబితా ఇచ్చాడు. 1900లో ప్యారిస్‌లో 26 దేశాల ప్రతినిధులు కూర్చుని దాన్ని సవరించారు. ఇవాళ ఐసీడీ అంటున్నది దాని వారసత్వమే. 1948లో అది ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతికి వచ్చింది. ఆ ఆరో సవరణలో రెండు పెద్ద మార్పులు జరిగాయి. ఒకటి, చనిపోయినవాళ్ళవే కాకుండా బతికున్నవాళ్ళ రోగాలు, గాయాలు కూడా లెక్కలోకి వచ్చాయి. రెండు, గాయానికి రెండు కోడ్‌లు పెట్టారు. ‘ఎన్’ అంటే గాయం ఎలాంటిది, ‘ఈ’ అంటే బయట ఏం జరిగింది.

1990లో ఆమోదించిన పదో సవరణలో గాయాలకి ఎస్, టి అక్షరాలు, రవాణా ప్రమాదాలకి వి అక్షరం ఇచ్చారు. నడిచేవాళ్ళకి వి 01 నుంచి, సైకిల్‌కి 10 నుంచి, మోటార్ సైకిల్‌కి 20 నుంచి, మూడు చక్రాల బండికి 30 నుంచి. చుక్క తర్వాత వచ్చే అంకె మనిషి బండిలో ఎక్కడున్నాడో చెబుతుంది. మూడు చక్రాల బండి రోడ్డు ప్రమాదంలో అయితే 5 అంటే డ్రైవరు, 6 అంటే ప్రయాణికుడు, 7 అంటే బండి బయట ఉన్నవాడు. వేలాడుతూ వెళ్ళేవాడికి కూడా ఒక అంకె ఉందన్నమాట!

మా బాబాయికి రావాల్సినవి ఎస్ 82, అంటే మోకాలి కింద విరిగిన ఎముక. వి 38.7, అంటే దేన్నీ గుద్దకుండా ప్రమాదానికి గురైన మూడు చక్రాల బండికి బయట ఉన్నవాడు. కానీ ఆ చీటీని బట్టి కోడ్ వేస్తే వచ్చేది డబ్ల్యూ 19, ఎలా పడ్డాడో తెలియని పడిపోవడం. కాగితం మీద లేనిది కోడర్ ఊహించి రాయకూడదు. సీనియర్ అన్నకి క్లాసులో మొదట చెప్పింది ఇదేనట. అంటే కాలు విరిగిన సంగతి మిగిలింది, రోడ్డు ప్రమాదం మాత్రం లెక్కలోంచి పోయింది. ఇలాంటి చీటీలు పెరిగేకొద్దీ మన ఘాట్ రోడ్లలో ప్రమాదాలే లేవన్నట్టు కనిపిస్తుంది. అప్పుడు బస్సు వేయమని, గోడ కట్టమని ఏం చూపించి అడుగుతాం?

పరిహారం ఇచ్చే ట్రిబ్యునల్ కోడ్ నంబరు అడగదు. కానీ కోడ్ ఏ వాక్యం నుంచి పుడుతుందో ఆ వాక్యాన్ని అదీ చూస్తుంది. ఎఫ్ఐఆర్, ఎమ్మెల్సీ, వూండ్ సర్టిఫికెట్ ఒకే మాట చెప్పాలి. గడువు సంగతి కూడా తెలుసుకోండి. 1988 మోటారు వాహనాల చట్టంలో క్లెయిమ్ వేయడానికి ఆరు నెలల గడువు ఉండేది. 1994లో తీసేశారు. 2019 సవరణతో మళ్ళీ తెచ్చారు, 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. గుద్ది పారిపోయిన బండి ఏదో తెలియకపోయినా, చనిపోతే 2 లక్షలు, తీవ్ర గాయమైతే 50 వేలు ఇచ్చే పథకం కూడా ఆ రోజు నుంచే ఉంది.

మన పెద్దవాళ్ళలో చాలామందికి డాక్టరు అడిగే తెలుగు పూర్తిగా అర్థం కాదు. పక్కన నిలబడి జవాబు చెప్పేది మనమే. ఆనాటి సెర్చర్ ముసలమ్మల పని ఇవాళ మన మీద పడిందనుకోండి. ఏ బండి, ఎక్కడ, ఎప్పుడు, మనిషి బండిలో ఎక్కడున్నాడు, ఎలా జరిగింది. ఈ అయిదూ చెప్పండి. ఎమ్మెల్సీ రాయమని అడగండి. కాగితం చేతికి రాగానే అక్కడే చదవండి, తప్పుంటే అప్పుడే అడగండి. వేలాడాడని చెబితే తప్పు మనదే అంటారేమో అని భయపడొద్దు. తప్పు ఎవరిది ఎంత అన్నది ట్రిబ్యునల్ తేలుస్తుంది. కాగితంలో బండే లేకపోతే తేల్చడానికి ఏమీ మిగలదు. ఆటోకి బీమా ఉంటే డబ్బు కట్టేది బీమా కంపెనీ. “మనవాడి మీద కేసెందుకు” అనేవాళ్ళకి ఈ మాట కూడా చెప్పండి.

బాబాయి ఇప్పుడు నడుస్తున్నాడు. కొండ మీద పోడుకి మాత్రం ఎక్కలేడు, పిన్ని ఒక్కతే వెళ్తోంది. ఆ రోజు నేను హాస్టల్‌లో ఉన్నాను. పక్కన ఉన్నా నేనూ “పడిపోయాడండీ” అనే చెప్పేవాణ్ణేమో. ఇప్పుడైతే చెప్పను. నేను రాసినదాంట్లో తప్పులుంటే సీనియర్లు సరిదిద్దండి. మీ ఊళ్ళో ఇలాంటివి జరిగి ఉంటే కింద రాయండి.

జై ఆదివాసీ.