తిరిగి స్టీరింగ్ దాకా

1987 జనవరి 4న అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో, చేజ్ అనే ఊరి దగ్గర, కాన్‌రెయిల్ ఇంజన్లు ఎర్రసిగ్నల్ దాటొచ్చి ఆమ్‌ట్రాక్ ప్యాసింజర్ రైలుకి అడ్డం పడ్డాయి. 16 మంది చనిపోయారు. ఇంజన్‌లో ఉన్న సిబ్బంది గంజాయి తాగారని దర్యాప్తులో తేలింది. హెచ్చరిక ఈల వినపడకుండా టేపు అంటించి ఉందనీ తేలింది. జనానికి గుర్తుండిపోయింది మాత్రం గంజాయే.

1991 ఆగస్టులో న్యూయార్క్ సబ్‌వేలో తాగిన డ్రైవర్ వల్ల 5 మంది పోయారు. అక్టోబర్‌కల్లా రవాణా ఉద్యోగుల పరీక్షల చట్టం వచ్చేసింది. రెండు ప్రమాదాలూ పట్టాల మీదివే. చట్టం మాత్రం ట్రక్కు డ్రైవర్లనీ కలుపుకుంది.

దొరికిపోవడం గురించి చాలామంది రాశారు. దొరికాక ఏమవుతుందన్నది నాకు ఇంకా ఆసక్తికరం. నిబంధనల్లో వెనక్కి వచ్చే దారి ఉంది. ముందు ప్రభుత్వ అర్హతలున్న నిపుణుడు డ్రైవర్‌ని పరిశీలిస్తాడు, చికిత్సో తరగతులో సూచిస్తాడు. అవి పూర్తయ్యాక మళ్లీ చూస్తాడు. ఆ తర్వాత ఒకరు దగ్గరుండి గమనిస్తుండగా మూత్రపరీక్ష. పాసై పనిలో చేరినా మొదటి 12 నెలల్లో కనీసం 6 ఆకస్మిక పరీక్షలుంటాయి. అవి 60 నెలల దాకా సాగొచ్చు.

ఒకప్పుడు ఒక కంపెనీలో ఫెయిలైనవాడు ఆ సంగతి దాచి ఇంకోచోట చేరగలిగేవాడు. 2020 జనవరి 6న మొదలైన క్లియరింగ్‌హౌస్ అనే డేటాబేస్ ఆ కన్నం పూడ్చింది. డేటాబేసులతో బతికే నాకు ఇది బాగా అర్థమవుతుంది. మనిషి పేరు పక్కన ఒకే స్టేటస్: 'ప్రొహిబిటెడ్'. 2024 నవంబర్ 18 నుంచి, ఆ మాట ఉంటే రాష్ట్రాలు కమర్షియల్ లైసెన్సునే తగ్గించేస్తున్నాయి.

చిక్కంతా ఇక్కడే. తిరిగి చేరే ముందు ఆ పరీక్షకి డ్రైవర్ తనంతట తాను వెళ్లలేడు, యజమాని పంపాలి. సొంత ట్రక్కు ఉన్నవాళ్లకైతే పరీక్షలు చూసే సంస్థ పంపుతుంది. పాత కంపెనీ తీసేస్తే కొత్త యజమానిని వెతుక్కోవాలి. పరీక్ష పాసైతేగాని స్టేటస్ మారదు. ఆ స్టేటస్ చూసి పిలిచేదెవరు? మళ్లీ తీసుకోవాలని ఏ కంపెనీకీ నిర్బంధం లేదు. చికిత్స ఖర్చు ఎవరిదో కూడా నిబంధన చెప్పదు.

36 టన్నుల బండి మత్తులో నడపకూడదు, అందులో వాదన లేదు. కానీ మూత్రపరీక్ష పట్టేది గంజాయి శరీరంలో వదిలిన ఆనవాళ్లని. నడిపేటప్పుడు మత్తులో ఉన్నాడో లేదో అది చెప్పదు. కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాలు 2012లోనే గంజాయిని అనుమతించినా ఫెడరల్ నిబంధన మారలేదు. సెలవురోజు తాగినవాడికీ, స్టీరింగ్ ముందు తాగినవాడికీ ఆ డేటాబేసులో ఒకటే మాట.

నాకు ఈ చట్టం కఠినంగా ఉందని ఫిర్యాదు లేదు. తలుపు మూసే బాధ్యత స్పష్టంగా అప్పగించి, తెరిచే బాధ్యతని కంపెనీల దయకి వదిలేసిందన్నదే నా ఫిర్యాదు. నిపుణుడు సరేనన్న రోజున పరీక్ష ఏర్పాటు చేయాల్సిన పని ప్రభుత్వమే తీసుకుంటే, రోడ్డుకి వచ్చే అదనపు ప్రమాదం ఏమీ లేదు. పరీక్ష అదే, నియమాలూ అవే. మారేదల్లా, అన్ని మెట్లూ ఎక్కినవాడు గుమ్మం ముందు నిలబడిపోకపోవడం.